కాస్ట్‌కో కిర్క్‌లాండ్ ఆయిల్ క్యామ్రీకి పోయొచ్చా?

క్యామ్రీ_కష్టజీవి
మాది 2019 క్యామ్రీ, నాలుగు సిలిండర్ల 2.5 ఇంజన్. 78 వేల మైళ్ళు తిరిగింది. ఇన్నాళ్ళూ డీలర్ దగ్గరే ఆయిల్ మార్పించాను. మొన్నటి బిల్లు 118 డాలర్లు. పైగా ఎయిర్ ఫిల్టర్ కూడా మార్చేద్దామని ఒకటే పోరు. వద్దన్నందుకు ఆ సర్వీస్ అడ్వైజర్ నన్ను పిల్లకి టీకా వేయించని తండ్రిని చూసినట్టు చూశాడు.

నిన్న పాలకని కాస్ట్‌కోకి వెళ్తే కిర్క్‌లాండ్ ఫుల్ సింథటిక్ 0డబ్ల్యూ-20 (ఆయిల్ ఎంత చిక్కనో చెప్పే గ్రేడు) కనపడింది. ఐదు క్వార్ట్ల జగ్గులు రెండు ఒకే పెట్టెలో, ముప్పై చిల్లర డాలర్లు. అంటే ఒకసారికి పదిహేను, పదహారు. ఆగలేక కొనేశాను. ఇంటికొచ్చాక మా ఆవిడ "ఇంత చవగ్గా ఎందుకిస్తున్నారో కనుక్కోకుండానే తెచ్చేశావా" అంది. అప్పట్నుంచి పెట్టె గరాజ్‌లో అలాగే ఉంది, మూత తీయలేదు. ఈ షాపుల సొంత బ్రాండ్ ఆయిల్ పోస్తే ఇంజన్‌కి ఏమైనా అవుతుందా? పోసినవాళ్ళెవరైనా చెప్పండి.

టెస్లా_తమ్ముడు
టెస్లా కొనుక్కోండి. ఆయిల్ గొడవే ఉండదు.

నేపర్‌విల్_నాన్న
@టెస్లా_తమ్ముడు వచ్చేశావా. నీ నాలుగు టైర్లకి మొన్న ఎంతయిందో కూడా రాయి.

డీలర్_భక్తుడు
ముప్పై వేల డాలర్ల కారుకి పదిహేను డాలర్ల నూనె! మా బావమరిది ఇలాగే షాపు బ్రాండ్ ఆయిల్ పోసుకుంటూ వచ్చాడు, లక్ష మైళ్ళు నిండకుండానే ఇంజన్ పోయింది. టర్బో బండి. మెకానిక్ విప్పి చూస్తే లోపలంతా నల్లటి జిగురు. నూరు డాలర్ల దగ్గర కక్కుర్తి పడి ఏడు వేలు పోగొట్టుకున్నాడు. ఆపైన మీ ఇష్టం.

ఒమాహా_బాబాయ్
కాస్ట్‌కోవాళ్ళు గానుగ పెట్టి ఆడించరు నాయనా. కిర్క్‌లాండ్ ఆయిల్ మా ఊరి వారెన్ డిస్ట్రిబ్యూషన్‌ది. రకరకాల పేర్లకి ఆయిల్ కలిపి నింపి ఇవ్వడమే వాళ్ళ వ్యాపారం. పెద్ద బ్రాండ్ల ధరలో రేసు కార్ల మీద స్టిక్కర్లు, టీవీ యాడ్లు అన్నీ ఉంటాయి. కాస్ట్‌కోకి యాడ్ ఖర్చు లేదు, లాభం కొంచెమే వేసుకుంటుంది. చవగ్గా రావడంలో మతలబేమీ లేదు.

నేను ఏడేళ్ళుగా ఇదే పోస్తున్నాను. ఒక ఎకార్డ్, ఒక సియన్నా. రెండూ బాగున్నాయి.

ఎడిసన్_పిన్ని
పాలకని వెళ్ళి ఆయిల్ కొన్నారు సరే, పాలు కొన్నారా?

క్యామ్రీ_కష్టజీవి
@ఎడిసన్_పిన్ని లేదండి. 240 డాలర్ల బిల్లయింది, పాలు మర్చిపోయాను.

ల్యాబ్_అక్క
లూబ్రికెంట్ల టెస్టింగ్‌లో పదకొండేళ్ళు పనిచేశాను కాబట్టి నాకు తెలిసింది రాస్తాను. కొంచెం పొడుగవుతుంది, భరించండి.

ఇంజన్ ఆయిల్‌లో ఎక్కువ భాగం బేస్ ఆయిల్. మిగిలింది ఎడిటివ్ ప్యాకేజీ: మసి గడ్డకట్టకుండా పట్టి ఉంచేవి, అరుగుదల ఆపేవి, నురగ రాకుండా చేసేవి, ఆమ్లాన్ని విరిచేవి. ఈ ప్యాకేజీలు తయారుచేసే పెద్ద కంపెనీలు ప్రపంచం మొత్తం మీద ప్రధానంగా నాలుగే: లూబ్రిజోల్, ఇన్ఫీనియం, ఆఫ్టన్, ఒరొనైట్. మీ 35 డాలర్ల జగ్గుకీ, 16 డాలర్ల జగ్గుకీ సరుకు వెళ్ళేది ఎక్కువగా ఈ నాలుగు ఇళ్ళ నుంచే. అలాగని రెండూ ఒకటేనని కాదు. ఖరీదైన బ్రాండ్ కొంచెం మెరుగైన బేస్ ఆయిల్, కొంచెం ఎక్కువ మోతాదు వాడుతుండొచ్చు. అయితే రెండూ దాటాల్సిన గడప ఒక్కటే.

ఆ గడప జగ్గు వెనక గుండ్రటి ముద్రలో ఉంటుంది. మేం డోనట్ అంటాం. అందులో ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ఎస్‌పీ అని ఉంటే 2020 మే నుంచి అమల్లోకొచ్చిన ప్రమాణం. దానికి ముందు ఎస్‌ఎన్ ప్లస్, 2018లో. ఇప్పుడు ఎస్‌క్యూ కూడా వచ్చింది, 2025 మార్చి ఆఖరు నుంచి. ఆ అక్షరాలు ఊరికే రావు. నిజమైన ఇంజన్లని గంటల తరబడి తిప్పి పరీక్షిస్తారు. ఆయిల్ చిక్కబడుతుందా, మడ్డి కడుతుందా, టైమింగ్ చైన్ సాగుతుందా, టర్బో ఇంజన్లో మిశ్రమం స్పార్క్ కంటే ముందే అంటుకుంటుందా, అన్నిటికీ విడివిడిగా టెస్టులున్నాయి. ముద్ర ఉంటే మీ ఇంజన్‌కి చాలు. ముద్ర లేకపోతే ఎంత పేరున్న బ్రాండైనా నేను కొనను.

డీలర్_భక్తుడు
@ల్యాబ్_అక్క పాస్ మార్కులొచ్చినవాడూ, ఫస్ట్ వచ్చినవాడూ ఒకటేనా?

ల్యాబ్_అక్క
కాదు. కానీ మీ ఇంజన్ అడిగేది పాస్ మార్కులే. రోజూ ట్రాఫిక్‌లో ఆఫీసుకి పోయొచ్చే క్యామ్రీకి ఐఐటీ ర్యాంకరు ఎందుకండీ?

లెక్కల_మాస్టారు
లెక్క వేద్దాం. ఐదు వేల మైళ్ళకోసారి, ఏడాదికి రెండుసార్లు. డీలర్ దగ్గర 236. ఇంట్లో అయితే ఆయిల్ 16, మంచి ఫిల్టర్ 9, వెరసి 25, రెండుసార్లకి 50. మిగులు 186. ర్యాంపులు, పాన్, రెంచి మొదటిసారి ఒక 80. మొదటి ఏడాదే 106 మిగిలింది.

నేపర్‌విల్_నాన్న
మాస్టారూ, షికాగో జనవరిలో కారు కింద పడుకునే మనిషి నడుం నొప్పి మందు కూడా కలపండి లెక్కలో.

సైడ్‌లైన్_సాగర్
అసలు "ఫుల్ సింథటిక్" అనే మాటే పెద్ద మాయ. క్యాస్ట్రాల్ మీద మొబిల్‌వాళ్ళు ఫిర్యాదు చేశారు. ముడి చమురు నుంచి గట్టిగా శుద్ధి చేసిన గ్రూప్ 3 నూనెని సింథటిక్ అని అమ్ముతున్నారని. ప్రకటనల తగాదాలు చూసే సంస్థ 1999లో క్యాస్ట్రాల్ పక్షానే తీర్పిచ్చింది. అప్పట్నుంచి అమెరికాలో గ్రూప్ 3 ఉన్నా సింథటిక్ అనొచ్చు. కిర్క్‌లాండ్ కూడా ఆ బాపతే అయ్యుంటుంది.

ఒమాహా_బాబాయ్
@సైడ్‌లైన్_సాగర్ ఆ బాపతే అనుకో. నువ్వు పోసే పేరున్న బ్రాండ్లలో కూడా చాలా జగ్గులు అదే బాపతు మరి. షాపు బ్రాండ్‌కి విడిగా తగిలించాల్సిన మచ్చ కాదది.

ఆటోనగర్_అబ్బాయి
విజయవాడ నుంచి. మా నాన్నకి ఆటోనగర్‌లో షెడ్డు ఉంది, నేను చూసుకుంటున్నాను. మీ తిప్పలు చదువుతుంటే నవ్వొస్తోంది. మీకు అనుమానం బ్రాండ్ మీద. మాకు అనుమానం డబ్బాలో ఉన్నది ఆ బ్రాండేనా అని. పేరున్న కంపెనీ ఖాళీ డబ్బాలకి ఇక్కడ పాత సామాన్లవాళ్ళ దగ్గర మంచి రేటు పలుకుతుంది. ఎందుకంటారు? ఊరగాయ పెట్టుకోడానికి కాదు కదా. వాడేసిన ఆయిల్‌ని వడకట్టి, రంగు తేర్చి, అదే డబ్బాలో పోసి, సీలేసి అమ్మేవాళ్ళున్నారు. అందుకే కస్టమర్ ఎదురుగా సీలు తీస్తాను, పని అయ్యాక డబ్బాకి మేకుతో చిల్లు పొడిచి ఆయనకే ఇచ్చేస్తాను.

షాపు బ్రాండ్ అంటే భయపడేవాళ్ళకి ఒక ప్రశ్న. మారుతి జెన్యూన్ ఆయిల్ అని మనం కళ్ళకద్దుకుని పోయించుకుంటాం కదా, మారుతివాళ్ళు ఎక్కడైనా చమురు బావి తవ్వారా? అది కూడా ఎవరో చేసిస్తే వాళ్ళ పేరేసుకున్నదే. ఎవరైనా అడిగితే నేను పెట్రోలు బంకులో సర్వో గానీ, మ్యాక్ గానీ కొని తెచ్చుకోమంటాను. అక్కడ దొంగ సరుకు భయం తక్కువ.

ఎడిసన్_పిన్ని
@ఆటోనగర్_అబ్బాయి డబ్బాకి చిల్లు సంగతి బాగుంది బాబూ. మా నాన్నగారు పెళ్ళి కార్డులు కూడా సగానికి చింపి పారేసేవారు, ఎవరైనా మళ్ళీ వాడతారేమోనని.

బీఎండబ్ల్యూ_బాధితుడు
ఒక హెచ్చరిక. ల్యాబ్ అక్క చెప్పినది జపాన్, కొరియా, అమెరికా బళ్ళకి సరిపోతుంది. యూరప్ బళ్ళకి ఏపీఐ ముద్ర ఒక్కటీ చాలదు. బీఎండబ్ల్యూ అయితే ఎల్ఎల్-01 గానీ ఎల్ఎల్-17 గానీ, మెర్సిడెస్ అయితే 229.5 లాంటిది, ఫోక్స్‌వ్యాగన్ అయితే 502, 504 ఇలా కంపెనీ సొంత అప్రూవల్ అడుగుతుంది. నేను సెకండ్‌హ్యాండ్ 3 సిరీస్ కొన్న కొత్తలో గ్రేడు కలిసింది కదా అని ఏదో 5డబ్ల్యూ-30 పోసేశాను. వెనక్కి తీయించి మళ్ళీ పోయించాల్సి వచ్చింది. రెండు ఆయిళ్ళ డబ్బూ నాదే.

టెస్లా_తమ్ముడు
@బీఎండబ్ల్యూ_బాధితుడు పేరు బాగా పెట్టుకున్నారు.

ట్రక్కు_తాత
నలభై ఏళ్ళుగా ఈ దేశంలో ఉన్నాను, ఇంకోటి చెప్తాను. అన్ని షాపు బ్రాండ్లూ ఒకటి కాదు. డాలర్ జనరల్ షాపుల్లో వాళ్ళ సొంత పేరుతో ఆయిల్ అమ్మేవాళ్ళు. వెనక సన్నటి అక్షరాల్లో ఒక డబ్బా మీద 1988 తర్వాతి బళ్ళకి పనికిరాదని, ఇంకో డబ్బా మీద 1930 తర్వాతి బళ్ళకి పనికిరాదని రాసి ఉండేది. ముందువైపు మాత్రం మామూలు మోటార్ ఆయిలే. జనం కోర్టుకెక్కారు, చివరికి కంపెనీ సెటిల్ చేసుకుంది. అబద్ధం రాయలేదు చూడండి, నిజమే రాశారు, భూతద్దం పెట్టి చదవాల్సినంత చిన్నగా. గ్యాస్ స్టేషన్లో, డాలర్ షాపులో ఊరూ పేరూ లేని డబ్బా కనిపిస్తే వెనక్కి తిప్పి డోనట్ ఉందో లేదో చూడండి. ఎస్ఏ, ఎస్ఎఫ్ లాంటి అక్షరాలుంటే అక్కడే పెట్టేసి వచ్చేయండి.

క్యామ్రీ_కష్టజీవి
1930 తర్వాత పనికిరానిదా! మా ముత్తాత కారుకి పోసేది. ఆయనకి ఎడ్లబండే ఉండేదనుకోండి.

నా జగ్గు చూశాను. డోనట్ ఉంది. ముందువైపు నక్షత్రం లాంటి ముద్ర కూడా ఉంది.

డీలర్_భక్తుడు
సరే ఆయిల్ మంచిదే అనుకుందాం. వారంటీ? ఇంట్లో మార్చానంటే డీలర్ ఒప్పుకుంటాడా? నేను అక్కడికే వెళ్ళేది అందుకే.

హెచ్4_హక్కులు
ఒప్పుకోవాలి. మాగ్నసన్-మాస్ చట్టం 1975 నుంచీ ఉంది. ఫలానా బ్రాండే పోయాలి, మా దగ్గరే మార్పించాలి అని షరతు పెట్టి వారంటీ ఎగ్గొట్టడం కుదరదు, అది ఉచితంగా ఇస్తే తప్ప. కానీ మార్చినట్టు ఆధారం మీ దగ్గర ఉండాలి. మా ఆయన ఒక్కో ఆయిల్ రసీదు మీద మైలేజీ రాసి ఫోటో తీసి పెడతారు. రెండేళ్ళ క్రితం వాటర్ పంప్ వారంటీలో మార్పించుకునేటప్పుడు సర్వీస్ రికార్డులు అడిగారు. ఆ ఫోటోలు పంపాం. నోరెత్తకుండా మార్చారు.

డీలర్_భక్తుడు
ఆ చట్టం సంగతి నాకు తెలియదు. బాగుంది.

అయినా మా బావమరిది ఇంజన్ పోయిన మాట అబద్ధం కాదు కదా.

ల్యాబ్_అక్క
@డీలర్_భక్తుడు అడుగుదామనే అనుకుంటున్నాను. ఎన్ని మైళ్ళకోసారి మార్చేవారు ఆయన?

డీలర్_భక్తుడు
ఫోన్ చేసి కనుక్కున్నాను. చివరిసారి మార్చి పధ్నాలుగు వేల మైళ్ళు అయిందట. కోవిడ్‌లో పిల్లలు పుట్టడం, ఇల్లు మారడం, అలా. మధ్యలో డిప్‌స్టిక్ ఎప్పుడైనా లాగి చూశావా అంటే "అదెక్కడుంటుంది" అన్నాడు.

ఒమాహా_బాబాయ్
😂😂 బంగారం కరిగించి పోసినా ఆ ఇంజన్ దక్కేది కాదు.

నేపర్‌విల్_నాన్న
నవ్వకండి, మన వాళ్ళలో సగం మంది అంతే. బానెట్ తెరిచేది వైపర్ నీళ్ళు పోయడానికే.

ఇంకో మాట, డీలర్ దగ్గర మహా గొప్ప ఆయిల్ పోస్తారనుకుంటున్నారు. చాలా చోట్ల అది వెనక ఉన్న పెద్ద ట్యాంకులోంచి గొట్టంతో వచ్చేదే. ఏ బ్రాండో బిల్లు మీద చూడండి, "బల్క్ 0డబ్ల్యూ-20" అనే ఉంటుంది చాలాసార్లు.

ఒక్క నిమిషం. ఇది రాస్తుంటే గుర్తొచ్చింది. @క్యామ్రీ_కష్టజీవి మీది 2019 క్యామ్రీ 2.5 అన్నారు కదా. బానెట్ తీసి ఆయిల్ పోసే మూత మీద ఏం రాసుందో చదివారా?

క్యామ్రీ_కష్టజీవి
ఇప్పుడే గరాజ్‌లోకి వెళ్ళి చూసొచ్చాను.

0డబ్ల్యూ-16.

టెస్లా_తమ్ముడు
హహహహ. రెండు రోజులుగా బ్రాండ్ మీద కొట్టుకుంటున్నారు, గ్రేడే తప్పు!

లెక్కల_మాస్టారు
ప్రశ్నాపత్రమే తప్పు. అందరికీ గ్రేస్ మార్కులు.

నేపర్‌విల్_నాన్న
కంగారు పడకండి. మాన్యువల్ తీయండి. 0డబ్ల్యూ-16 దొరకకపోతే 0డబ్ల్యూ-20 వాడొచ్చు, తర్వాతి మార్పులో మళ్ళీ 16 పోయాలి అని టొయోటానే రాసింది. 2018 మోడల్‌తో ఈ ఇంజన్ వచ్చినప్పుడు 16 గ్రేడు షాపుల్లో దొరకడం కష్టంగా ఉండేది కూడా.

సైడ్‌లైన్_సాగర్
ఆ 16 అంతా ప్రభుత్వ మైలేజీ లెక్కల కోసం. ఆయిల్ ఎంత పలచనైతే అంత పెట్రోలు కలిసొస్తుంది. వేరే దేశాల మాన్యువల్లో ఇదే ఇంజన్‌కి ఇంకా చిక్కటి గ్రేడులు కూడా రాసుంటాయి. నేనైతే డల్లాస్ ఎండలకి హాయిగా 20 పోసేస్తాను, జీవితాంతం.

ల్యాబ్_అక్క
@సైడ్‌లైన్_సాగర్ మీ మాటలో సగం ఒప్పుకుంటాను. 20 గ్రేడు వేడి మీద పొర కాస్త మందంగా నిలుస్తుంది. పోస్తే ఇంజన్ పాడవదు. కానీ వారంటీలో ఉన్న బండికి మాన్యువల్ దాటి వెళ్ళమని నేను చెప్పను. కష్టజీవి గారి బండి 78 వేలు దాటింది, ఆయన ఇష్టం.

ఒక చిన్న సంగతి. 0డబ్ల్యూ-16 జగ్గు మీద మీకు ఆ నక్షత్రం ముద్ర కనపడదు, డాలు ఆకారంలో వేరే ముద్ర ఉంటుంది. అంత పలచటి ఆయిల్‌ని పొరపాటున పాత బళ్ళలో పోయకుండా గుర్తుని వేరు చేశారు. నక్షత్రం లేదని నకిలీ అనుకోకండి.

క్యామ్రీ_కష్టజీవి
మరి కిర్క్‌లాండ్‌లో 16 ఉందా?

ఒమాహా_బాబాయ్
నేను చూసినంత వరకు 0-20, 5-30 రెండే. వాల్‌మార్ట్ సూపర్‌టెక్‌లో 0-16 ఉంది. అదీ షాపు బ్రాండే, కాబట్టి మీ మొదటి ప్రశ్న బతికే ఉంది.

డీలర్_భక్తుడు
వాల్‌మార్టా… కాస్ట్‌కో వరకు సర్దుకున్నాను. ఇది మరీ.

హెచ్4_హక్కులు
@డీలర్_భక్తుడు కందిపప్పు మాత్రం ఎక్కడ చవకైతే అక్కడ కొంటారు కదా అన్నయ్యా?

డీలర్_భక్తుడు
కందిపప్పుకి టర్బో ఉండదమ్మా.

ల్యాబ్_అక్క
అనుమానం తీరాలంటే మార్గం ఉంది. పాత ఆయిల్ చిన్న సీసాలో పట్టి ఇండియానాలోని బ్లాక్‌స్టోన్ ల్యాబ్‌కి పంపండి. ఇనుము, రాగి, సిలికాన్ ఎంత ఉన్నాయి, పెట్రోలు కలిసిందా, కూలెంట్ కలిసిందా అన్నీ రాసి పంపుతారు. ఇనుము పెరుగుతుంటే అరుగుదల ఎక్కువని అర్థం. నేను మా హోండా పైలట్ బండికి ఒకసారి ఖరీదైన ఆయిల్, ఒకసారి షాపు బ్రాండ్ పోసి, ఐదు వేల మైళ్ళ దగ్గర రెండూ పంపాను. రిపోర్టుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒక్క బండి మీద చూసింది, దాన్ని పట్టుకుని కొట్టుకోకండి.

ట్రక్కు_తాత
ఆయిల్ దగ్గర ఆదా చేసి ఫిల్టర్ దగ్గర మాత్రం చేయొద్దు. మూడు డాలర్ల ఫిల్టర్లో రాత్రికి ఆయిలంతా కిందకి జారిపోతే పొద్దున్న స్టార్ట్ చేయగానే ఇంజన్ గడగడమంటుంది. కంపెనీ ఫిల్టర్ తెచ్చుకో అబ్బాయ్.

క్యామ్రీ_కష్టజీవి
శనివారం పని పూర్తయింది. కొన్న డబ్బు పోతుందని మనసొప్పక, మాన్యువల్ ఒప్పుకుంటోంది కదా అని ఈసారికి కిర్క్‌లాండ్ 0-20నే పోశాను. వచ్చేసారికి సూపర్‌టెక్ 0-16 తెచ్చి పెట్టుకున్నాను.

రెండు సంగతులు. ఒకటి, డ్రెయిన్ ప్లగ్ తీయబోతే రాలేదు. పోయినసారి ఎవరు బిగించారో గానీ పైపు తగిలించి నిలబడి తొక్కితే గానీ కదల్లేదు. వాషర్ నలిగి రేకులా అయిపోయింది. 118 డాలర్ల పని అది. రెండు, లోపలి ఆయిల్ నేను అనుకున్నంత రాలేదు. బండి పట్టేది 4.8 క్వార్ట్లు, కొలిస్తే నాలుగు కూడా లేదు. తాగుతోందో, తక్కువ పోశారో తెలియదు. ఇక నెలకోసారి డిప్‌స్టిక్ చూస్తాను.

డీలర్_భక్తుడు
తక్కువ పోశారంటావా? రేపు నాది కూడా లాగి చూస్తాను.

నేపర్‌విల్_నాన్న
ముందు అది ఎక్కడుంటుందో తెలుసా? 😀

ట్రక్కు_తాత
పాత ఆయిల్ ఏం చేశావు? చెత్తబుట్టలోనో డ్రైనేజీలోనో పోసుంటే మాత్రం ఊరుకోను.

క్యామ్రీ_కష్టజీవి
లేదు తాతగారూ. ఖాళీ అయిన జగ్గులోనే పోసి ఆటోజోన్‌కి తీసుకెళ్ళాను, ఊరికే తీసుకున్నారు. డ్రైవ్‌వే మీద మాత్రం అరచేతంత మరక పడింది. దాని మీద పిల్లిమట్టి (నూనె పీల్చే క్యాట్ లిట్టర్) చల్లాను. హెచ్‌ఓఏ (కాలనీ సంఘం) వాళ్ళ ఉత్తరం కోసం ఎదురుచూస్తున్నాను.

ఎడిసన్_పిన్ని
ఆ రెండో జగ్గు ఇంకా మూత తీయలేదు కదా? మా అమ్మాయి మీ ఊరు ప్లేనోలోనే ఉంటుంది, వాళ్ళది 2016 సీఆర్-వీ. దానికి 0-20నే అట. పదిహేను డాలర్లు ఇస్తుంది.

క్యామ్రీ_కష్టజీవి
ఇస్తాను పిన్నిగారూ. వచ్చేటప్పుడు గాలన్ పాలు తెమ్మనండి, లెక్క సరిపోతుంది.